పాత బేస్ గిటార్‌ను గుర్తించడం, వెలకట్టడం, మళ్లీ అమ్మడం ఎలా?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ పాత బేస్ గిటార్ కావాలంటే దుకాణాలు తిరిగితే ప్రయోజనం తక్కువ. అది ఇళ్లలో ఉంటుంది. ఒకప్పుడు పెళ్లిళ్లకు, తిరునాళ్లకు ఆర్కెస్ట్రాతో తిరిగి, వయసు మీదపడి మానుకున్న వాద్యకారుని అటక మీద ఉంటుంది. చర్చి గాయక బృందం సాధన చేసే గదిలో బీరువా వెనుక గోడకు ఆని ఉంటుంది. ఓడలో పనిచేసి చెన్నైలోనో విశాఖపట్నంలోనో దిగిన మేనమామ తెచ్చి ఇచ్చిన పెట్టెలో, తీగలు తుప్పు పట్టి, ఎవరూ ముట్టకుండా ఉంటుంది. 1991కి ముందు విదేశీ సరుకుల దిగుమతిపై మన దేశంలో కఠినమైన ఆంక్షలు ఉండేవి కాబట్టి, ఆ రోజుల్లో ఇక్కడికి చేరిన విదేశీ బేస్‌లలో చాలావాటిని ఎవరో ఒకరు స్వయంగా మోసుకొచ్చి ఉంటారు. తరువాత బేస్ స్వరాలను కూడా కీబోర్డు మీదే వాయించే పద్ధతి వచ్చి ఈ వాద్యాలు మూలనపడ్డాయి. అలా మూలనపడడమే వాటిలో కొన్నింటికి మేలు చేసింది. ఎవరూ రంగు మార్చలేదు, భాగాలు పీకలేదు. సేకరించదలచినవారు ముందుగా మనసులో పెట్టుకోవలసింది ఇదే. పాత బేస్‌కు ధర కేవలం దాని వయసును బట్టి రాదు; తయారైన రోజున దాని మీద ఉన్న భాగాల్లో ఎన్ని ఇంకా దాని మీదే ఉన్నాయో చూసి వస్తుంది.

నేను గుంటూరులో ఉంటూ ఇరవై ఏళ్లకు పైగా ఈ వాద్యాలను కొంటున్నాను, వాయిస్తున్నాను, కొన్నింటిని అమ్ముతున్నాను. నేను పాటించే క్రమంలోనే ఇక్కడ వివరిస్తాను.

కొనడానికి ముందు తెలిసి ఉండవలసిన సంవత్సరాలు

కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ సంస్థ 1951లో ప్రెసిషన్ బేస్‌ను విడుదల చేసింది. అంతవరకు నిలువెత్తు డబుల్ బేస్‌ను నిలబెట్టి, ఫ్రెట్లు (స్వరస్థానాన్ని చూపే అడ్డపు లోహపు కడ్డీలు) లేని పలక మీద వేలితో స్వరస్థానాన్ని వెతుక్కుంటూ వాయించేవారు. ఫ్రెట్లు అమర్చడంతో స్వరం ఖచ్చితంగా పలికింది. వాద్యానికి ఆ పేరు అందుకే పెట్టారు. 1957లో దీనికి రెండు ముక్కలుగా విడగొట్టిన పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం), వెడల్పైన హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) వచ్చాయి. 1960లో సన్నని నెక్ (వేళ్లు ఆడే పొడవైన మెడ భాగం), రెండు పికప్‌లు గల జాజ్ బేస్ వచ్చింది. మొదటి రెండేళ్లలో తయారైన జాజ్ బేస్‌లకు నాబ్‌లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు ఉంటాయి. సేకరణ చేసేవారు వీటినే అన్నిటికంటె ఎక్కువగా కోరుకుంటారు. 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికన్ ప్రసార సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు ఫెండర్‌ను కొన్నది. ఈ తేదీకి ముందు తయారైనవి ఒక మెట్టు, 1965 నుంచి 1969 వరకు వచ్చినవి రెండో మెట్టు, 1970ల నాటివి మూడో మెట్టు అని మార్కెట్టు నేటికీ విభజించి చూస్తుంది. 1970ల ఫెండర్లన్నీ నాసిరకమనే మాటను నేను అంగీకరించను. బరువు ఎక్కువ, నెక్‌కూ బాడీకీ మధ్య బిగింపు కొన్నింటిలో వదులు, అయినా ఒక్కొక్కటి చేతిలోకి తీసుకొని చూస్తే అద్భుతంగా పలికేవి వాటిలోనూ ఉన్నాయి.

ఫెండర్ ఒక్కటే చరిత్ర కాదు. గిబ్సన్ సంస్థ 1959లో ఈబీ-0, 1961లో ఈబీ-3, 1963లో థండర్‌బర్డ్ తెచ్చింది. రికెన్‌బ్యాకర్ 4001 వచ్చింది 1961లో. జర్మనీకి చెందిన హాఫ్నర్ సంస్థ చేసిన, వయొలిన్ ఆకారపు 500/1 బేస్‌ను బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొనడంతో అది ప్రపంచమంతటికీ తెలిసింది. లియో ఫెండర్ తరువాత మ్యూజిక్ మ్యాన్ సంస్థలో 1976లో స్టింగ్‌రే అనే బేస్‌ను రూపొందించాడు. బ్యాటరీతో పనిచేసే ప్రీయాంప్‌ను (సంకేతాన్ని బలపరిచే చిన్న సర్క్యూట్‌ను) దానిలోనే అమర్చారు.

మన ప్రాంతంలో నిజంగా దొరికేవి

పైన చెప్పిన వాద్యాల గురించి చదివి, 1962 నాటి జాజ్ బేస్ అటక మీద దొరుకుతుందని ఆశ పెట్టుకొని బయలుదేరవద్దు. నేను చూసినంతలో మన వైపు ఇళ్లలో దొరికేవి రెండు రకాలు. ఒకటి కలకత్తాలో తయారైన గివ్సన్ వంటి దేశీయ వాద్యాలు. రెండోది 1970లలో, 1980లలో తయారైన జపాన్ వాద్యాలు: ఐబనెజ్, యమహా, ఏరియా, గ్రెకో వంటి పేర్లు. సేకరణ నేర్చుకోవడానికి ఇవే సరైనవి. దేశీయ బేస్‌లకు తిరిగి అమ్మితే వచ్చే ధర తక్కువ. కానీ మన ఆర్కెస్ట్రాల చరిత్ర వాటి మీదే ఉంది కాబట్టి, లాభం ఆశించకుండా ఒకటి రెండు ఉంచుకోమని నా సలహా.

జపాన్ వాద్యాల విషయంలో కొంత లోతుగా తెలుసుకోవాలి. 1970లలో జపాన్ కర్మాగారాలు అమెరికన్ గిటార్లకు దగ్గరి నకళ్లు చేశాయి. 1977లో గిబ్సన్ మాతృసంస్థ నార్లిన్, అమెరికాలో ఐబనెజ్ గిటార్లను పంపిణీ చేసే ఎల్గర్ సంస్థపై హెడ్‌స్టాక్ ఆకారం విషయమై దావా వేసింది. ఆ కారణంగా ఇప్పుడు అమ్మకందారులు ఆ కాలపు జపాన్ గిటార్ ఏదైనా సరే, దానిని ‘దావా కాలం నాటిది’ అని చెప్పి ధర పెంచుతున్నారు. ఆ వివాదం గిబ్సన్ హెడ్‌స్టాక్‌కు సంబంధించినది మాత్రమే. ఫెండర్ పోలికలో ఉన్న బేస్‌కు ఆ మాట చెప్పి ఎక్కువ అడిగితే, మీరు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వనవసరం లేదు. 1982లో ఫెండర్ తానే జపాన్‌లో తయారీ మొదలుపెట్టింది. 1982 నుంచి 1984 వరకు వచ్చిన చాలావాటి క్రమసంఖ్య ‘జేవీ’ అక్షరాలతో మొదలవుతుంది. ఆ అక్షరాలున్న, ఫెండర్ వారి మరో బ్రాండైన స్క్వైర్ బేస్‌ను ‘స్క్వైర్ అంటే చవక రకం’ అనుకొని వదిలేసినవారిని నేను చూశాను. సేకరణదారులు వెతికి మరీ కొనేవి అవే.

చూడడానికి వెళ్లేటప్పుడు తీసుకువెళ్లవలసినవి

ఒక చిన్న టార్చి, ప్లస్ స్క్రూడ్రైవర్, అలెన్ కీల సెట్టు, మల్టీమీటర్, కొలత టేపు, ఒక కేబుల్, చిన్న యాంప్లిఫయర్ ఉంటే చాలు. వీటికి తోడు దుకాణాల్లో కరెన్సీ నోట్లు పరీక్షించడానికి వాడే ఊదా రంగు దీపం ఒకటి కొనుక్కోండి. దాని ఉపయోగం కింద చెబుతాను. స్క్రూలు విప్పడానికి ముందు యజమాని అనుమతి తప్పక అడగండి. విప్పనివ్వకపోతే, లోపల ఏముందో తెలియని వాద్యంగా లెక్కించి ధర చెప్పండి.

పరీక్షించే క్రమం

మొదట నెక్ చూడండి. బేస్‌ను కంటి ఎత్తుకు లేపి, బాడీ వైపు నుంచి హెడ్‌స్టాక్ వైపుకు, తుపాకీ గురి చూసినట్లు రెండు అంచుల వెంట చూడాలి. రెండు అంచులూ ఒకే విధంగా వంగి ఉంటే అది సరిచేయగల వంపు. ఒక అంచు ఒక వైపుకు, మరొకటి ఇంకొక వైపుకు తిరిగి ఉంటే నెక్ మెలి తిరిగిందని అర్థం. దాన్ని ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపును సరిచేసే లోహపు కడ్డీ) సరిచేయలేదు. తరువాత ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఎంతుందో చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే మంచిది. ఎక్కువ ఉంటే ట్రస్ రాడ్‌ను ఇంకా బిగించే వీలు మిగిలి ఉన్నదో లేదో తేల్చుకోవాలి, ఎందుకంటే పూర్తిగా బిగిసిపోయిన ట్రస్ రాడ్ ఉన్న నెక్‌ను బాగు చేయించడం ఖరీదైన పని. పాత ఫెండర్లలో దాన్ని తిప్పే నట్టు బాడీ వైపు చివరన ఉంటుంది. కొన్నింటికి నెక్ విప్పితే గాని అందదు. పావు చుట్టు కంటె ఎక్కువ ఎప్పుడూ ఒక్కసారిగా తిప్పకండి.

కొలతలు అబద్ధం చెప్పవు. ఫెండర్ బేస్ తీగ పొడవు 34 అంగుళాలు; కాబట్టి నట్ (హెడ్‌స్టాక్ మొదట తీగలు ఆనే చిన్న పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్‌కు 17 అంగుళాలు, అంటే సుమారు 432 మిల్లీమీటర్లు ఉండాలి. గిబ్సన్ ఈబీ రకాలు సాధారణంగా 30.5 అంగుళాల పొట్టి వాద్యాలు. నట్ దగ్గర వెడల్పు జాజ్ బేస్‌కు సుమారు 38 మిల్లీమీటర్లు. ప్రెసిషన్‌కు ఎక్కువగా 44 మిల్లీమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. జాజ్ బాడీ మీద ప్రెసిషన్ నెక్ బిగించి అమ్మజూపిన సందర్భం నాకు ఎదురైంది; అక్కడ టేపు తప్ప మరేదీ నన్ను కాపాడలేదు.

హెడ్‌స్టాక్ వెనుక భాగాన్ని, ముఖ్యంగా గిబ్సన్ అయితే, టార్చి వెలుతురులో ఏటవాలుగా చూడండి. ఆ హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది. వాద్యం కింద పడితే నట్ వెనుకనే విరుగుతుంది. విరిగిన చోటు బాగా అతికించి ఉంటే వాయించడానికి అడ్డు కాదు గాని ధరను మాత్రం సుమారు సగానికి తెస్తుంది.

రంగు గురించి ఇప్పుడు. ఫెండర్ 1960ల చివరి దాకా ప్రధానంగా నైట్రోసెల్యులోజ్ లాకర్ వాడి, తరువాత మందమైన పాలియెస్టర్ పూతకు మారింది. పాత లాకర్ పలుచగా ఉండి, సన్నని గీతలుగా చిట్లుతుంది, చేయి ఆనిన చోట అరిగి కర్ర కనిపిస్తుంది. చీకటి గదిలో ఊదా దీపం వేస్తే పాత లాకర్ పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతితో మెరుస్తుంది. తరువాత వేసిన రంగు, అతికించిన చోట్లు, పూడ్చిన స్క్రూ రంధ్రాలు వేరుగా బయటపడతాయి. ఈ ఒక్క పరీక్ష తెలియక నష్టపోయినవారు చాలామంది. ట్యూనింగ్ కీల వెనుక, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే లోహపు భాగం) కింద, పిక్‌గార్డ్ (బాడీ మీది రక్షణ పలక) అంచుల వద్ద వాడకంలో లేని రంధ్రాలు ఉన్నాయేమో కూడా చూడండి. పాత రంధ్రం కనిపించిందంటే ఒకప్పుడు వేరే భాగం అక్కడ ఉండేదని అర్థం.

విద్యుత్ భాగాలకు వద్దాం. కేబుల్‌ను జాక్‌లో పెట్టి, నాబ్‌లన్నీ పూర్తిగా తెరిచి, రెండో కొసను మల్టీమీటర్‌కు కలిపి నిరోధం చూడండి. ప్రెసిషన్ పికప్ అయితే సుమారు 10 నుంచి 12 కిలోఓములు, జాజ్ పికప్ విడిగా 7 లేదా 8 కిలోఓములు చూపాలి; కేబుల్ కొస నుంచి చూసినప్పుడు పాట్‌ల (నాబ్‌ల కింద ఉండే, తిప్పి నిరోధం మార్చే భాగాల) ప్రభావం వల్ల అంకె కొంత తగ్గుతుంది, జాజ్‌లో రెండు పికప్‌లూ కలిసినప్పుడు సగానికి దగ్గరగా వస్తుంది. పికప్‌నే విడిగా కొలిచినప్పుడు అసలేమీ చూపకపోతే దానిలోని తల వెంట్రుక కంటె సన్నని రాగి తీగ ఎక్కడో తెగి ఉంటుంది. దాన్ని మళ్లీ చుట్టించవచ్చు. కానీ చుట్టించిన పికప్‌ను ఎవరూ అసలైనదిగా లెక్కించరు.

తేదీ తేల్చడం

పాట్‌ల వెనుక ముద్రించిన అంకెలు అమెరికన్ వాద్యాలకు అన్నిటికంటె నమ్మకమైన సాక్ష్యం. మొదటి మూడు అంకెలు తయారీ సంస్థను చెబుతాయి: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. తరువాతి అంకెల్లో సంవత్సరం, చివరి రెండింటిలో ఆ ఏడాదిలోని వారం ఉంటాయి. 304-6218 అని ఉంటే స్టాక్‌పోల్ సంస్థ 1962లో పద్దెనిమిదో వారంలో చేసిన పాట్ అన్నమాట. ఇది వాద్యం తయారైన తేదీ కాదు, అంతకంటె ముందు తయారు కాలేదని చెప్పే హద్దు మాత్రమే. సీబీఎస్ కాలంలో 1966 నాటి పాట్‌లను పెద్దఎత్తున నిల్వచేసుకొని తరువాతి కొన్నేళ్లు వాడారు, కాబట్టి 1968 నాటి బేస్‌లో 1966 పాట్ ఉంటే కంగారుపడనక్కరలేదు. 1966 నాటిదని చెప్పిన బేస్‌లో 1971 పాట్ ఉంటే మాత్రం ఎవరో లోపల చేయిపెట్టారు.

ఫెండర్ క్రమసంఖ్య 1976 వరకు నెక్ వెనుక లోహపు పలక మీద ఉంటుంది. 1963 ప్రాంతం నుంచి 1965 వరకు అది ‘ఎల్’ అక్షరంతో, తరువాత చాలావాటికి పెద్ద ‘ఎఫ్’ అక్షరం గుర్తుతో వచ్చింది. 1976 నుంచి హెడ్‌స్టాక్ మీదికి మారింది. అక్కడ ‘ఎస్ 8’ అంటే 1978 అని స్థూలంగా చదువుకోవాలి. లోహపు పలకను నాలుగు స్క్రూలు విప్పి వేరే వాద్యానికి బిగించవచ్చు కాబట్టి దానిని ఒంటరిగా నమ్మకండి. నెక్ విప్పగలిగితే దాని మడమ (బాడీకి బిగించే చివర) మీద పెన్సిలుతో రాసిన, లేదా ముద్రించిన తేదీ ఉంటుంది. పలక, నెక్ మడమ, పాట్‌లు మూడూ ఒకదాన్నొకటి సమర్థిస్తేనే తేదీని నిర్ధారించుకోండి.

ఐబనెజ్ చదవడం సులభం. 1975 మధ్య నుంచి 1980ల మధ్య వరకు వచ్చిన వాటిలో మొదటి అక్షరం నెలను చెబుతుంది: ‘ఏ’ జనవరి, ‘ఎల్’ డిసెంబరు. తరువాతి రెండు అంకెలు సంవత్సరం. ‘హెచ్ 782345’ అని ఉంటే 1978 ఆగస్టు.

నేను చేసిన పొరపాటు

మొదటి రోజుల్లో విజయవాడలో ఒక కుటుంబం దగ్గర 1978 నాటి ఐబనెజ్ కొన్నాను. బాడీ మీద ముంజేయి ఆనే చోట రంగు అరిగిపోయి ఉంది, అంచులు కొట్టుకుపోయి ఉన్నాయి. శుభ్రంగా కనిపిస్తే ఎక్కువ ధర వస్తుందని నమ్మి, కార్లకు రంగులు వేసే ఒక పనివాడి చేత పాత పూతంతా గీకించి, మెరిసే నల్ల రంగు వేయించాను. అదే ఊపులో బ్రిడ్జిని ఆటోనగర్‌లో క్రోమ్ పూత పట్టించాను. పనివాళ్ల పనితనంలో లోపం లేదు. ఇద్దరూ చెప్పింది చెప్పినట్లు చేశారు. మూడు నెలల తరువాత బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదారు దాన్ని తిప్పి చూసి, ముందు ఫొటోలో ఉన్నట్లే ఉంచి ఉంటే నేను అడిగిన ధర ఇచ్చేవాడినని, ఇప్పుడు అందులో సగం మాత్రమే ఇవ్వగలనని చెప్పాడు. అతడు అన్నది న్యాయమే. ఆ రంగు నేను మళ్లీ తేలేను. ఆ బేస్‌ను అమ్మకుండా నా దగ్గరే ఉంచుకున్నాను.

అందుచేత ఈ నియమాన్ని గట్టిగా పట్టుకోండి: అరిగిన రంగును అలాగే ఉంచాలి, తుప్పు పట్టిన స్క్రూను శుభ్రం చేసి తిరిగి అదే రంధ్రంలో బిగించాలి, తప్పనిసరై ఏ భాగాన్నైనా మారిస్తే, తీసినదాన్ని పేరు, తేదీ రాసిన కవరులో వేసి వాద్యంతో పాటే దాచాలి. ఆటోనగర్‌లో ఏ స్క్రూనైనా చేసిపెట్టగల లేత్ పనివాళ్లున్నారు, వారి నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. అయితే అమెరికన్ వాద్యాల మరలు అంగుళాల లెక్కలో, జపాన్ వాద్యాలవి మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. ఒకదానిలో రెండోదాన్ని బలవంతంగా తిప్పితే లోపలి మర చెడుతుంది. ముందుగా కొలత చెప్పి చేయించండి.

ధర కట్టడం

అమ్మకానికి పెట్టినవారు అడిగే ధరలను లెక్కలోకి తీసుకోవద్దు; ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. అమ్ముడుపోయిన ధరలనే చూడాలి. అంతర్జాతీయ వేలం సైట్లలో, వాడిన వాద్యాలు అమ్మే సైట్లలో పూర్తయిన అమ్మకాలను విడిగా చూసే వీలుంటుంది. అదే మోడల్, అదే సంవత్సరం, మార్పులు లేనివి కనీసం మూడు వెతికి, వాటిలో మధ్యదాన్ని పట్టుకోండి. నేను ఒక నోటుపుస్తకంలో ఒక్కో వాద్యానికి ఒక పేజీ పెట్టి, ధర, తేదీ, ఏయే భాగాలు మారాయో రాసుకుంటాను. ఏడాది గడిచేసరికి ఆ పుస్తకం మీకే ఒక ధరల పట్టికగా మారుతుంది.

తరువాత తగ్గింపులు. ఇవి నా అనుభవంలోనూ, సేకరణదారుల వాడుకలోనూ స్థిరపడిన స్థూలమైన లెక్కలు. ఊహకు లక్ష రూపాయలు పలికే మార్పులేని బేస్‌ను తీసుకోండి. రంగు మార్చి ఉంటే అది 50 వేల దగ్గర మొదలవుతుంది. హెడ్‌స్టాక్ విరిగి అతికించి ఉన్నా అంతే. పికప్‌లు మార్చి, అసలువి దొరకకపోతే నేను నాలుగో వంతు తగ్గిస్తాను; అసలువి కవరులో ఉంటే దాదాపు తగ్గించను. ఫ్రెట్లు శుభ్రంగా మార్పించి ఉంటే వాయించేవారికి అది మేలు కాబట్టి తగ్గింపు పదో వంతు మించదు. అసలు పెట్టె, కొన్న రసీదు, పాత ఫొటో ఉంటే కొంత కలుపుతాను. ఈ లెక్క తేలిన తరువాత బాగుచేయించే ఖర్చు, అమ్మే వేదిక తీసుకునే కమీషను, రవాణా ఖర్చు తీసివేస్తే మిగిలేదే మీరు గరిష్ఠంగా పెట్టగల ధర.

విదేశీ ధరను మారకపు రేటుతో గుణించి రూపాయల్లో చెప్పడం అనుభవం లేనివారు చేసే తప్పు. విదేశం నుంచి తెప్పిస్తే వాద్యం ధరకు రవాణా, బీమా కలిపిన మొత్తం మీద కస్టమ్స్ సుంకం పడుతుంది. ఆ పైన మళ్లీ జీఎస్టీ పడుతుంది. విద్యుత్ గిటార్లు సుంకాల పట్టికలో 9207 శీర్షిక కింద వస్తాయి. తెప్పించే రోజున ఉన్న రేటు చూసుకొని లెక్క వేయండి. జపాన్‌లో చవకగా కనిపించిన బేస్ విజయవాడ చేరేసరికి ఎంతవుతుందో వేసి చూస్తే, ఇప్పటికే మన దేశంలో ఉన్న మంచి జపాన్ బేస్ విలువ ఏమిటో అర్థమవుతుంది. పైమెట్టు వాద్యాల సంగతి దీనికి భిన్నం. లక్షల విలువచేసే పాత ఫెండర్‌కు మన దేశంలో కొనేవారు కొద్దిమందే. నెలల తరబడి ఆగగలిగితేనే దాన్ని కొనండి.

దేశాలు దాటే వాద్యాలకు మరొక చిక్కు ఉంది. 1960ల మధ్య వరకు వచ్చిన చాలా అమెరికన్ వాద్యాల ఫ్రెట్‌బోర్డుకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడారు. అది మన ఇరుగుడు చెట్టు జాతికి చెందినదే. 1992 నుంచి ఆ కర్ర అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందంలో అత్యంత కఠినమైన జాబితాలో ఉంది. అనుమతి పత్రాలు లేకుండా అటువంటి బేస్‌ను విదేశానికి పంపడం గానీ తెప్పించడం గానీ చేయవద్దు. తయారైన వాద్యాల్లోని ఇతర రోజ్‌వుడ్ రకాలకు 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది.

ఇచ్చేవారితో మాట్లాడడం

ఇక్కడ కొనుగోలు అంటే ఎక్కువసార్లు ఒక ఇంటికి వెళ్లడమే. వాయించిన పెద్దాయన పోయి ఉంటారు, భార్యో పిల్లలో మీ ఎదుట కూర్చొని ఉంటారు, ఆ వస్తువు విలువ వారికి తెలియదు. నేను నా లెక్కను కాగితం మీద వారి ముందే వేసి చూపిస్తాను: ఇది బాగుంటే ఇంత పలుకుతుంది, ఇందులో ఈ లోపాలున్నాయి, బాగుచేయించడానికి ఇంత అవుతుంది, నాకు ఇంత మిగలాలి, కాబట్టి ఇంత ఇస్తాను. ఈ పద్ధతి వల్ల కొన్ని వాద్యాలు నా చేజారిపోయాయి. అదే పద్ధతి వల్ల ఆ కుటుంబాలే తమకు తెలిసిన మరొక ఇంటికి నన్ను పంపాయి. నేను కొన్న వాటిలో మంచివన్నీ అలా దొరికినవే.

పెద్దాయన ఏ బృందంలో వాయించారో, వాద్యం ఎవరు ఎక్కడి నుంచి తెచ్చారో అడిగి రాసుకోండి. చర్చి నుంచి కొంటే ఒక్క వ్యక్తి మాట మీద కాకుండా సంఘం కమిటీ తీర్మానం తీసుకొని కొనండి. క్రమసంఖ్య రాసిన రసీదు మీద సంతకం తప్పనిసరి. రెండు లక్షల రూపాయలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది కాబట్టి పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. మెకార్ట్‌నీ కొన్న ఆ హాఫ్నర్ బేస్ 1972లో లండన్‌లో దొంగిలింపునకు గురై, ఐదు దశాబ్దాల తరువాత తిరిగి ఆయన చేతికి చేరినట్లు 2024లో ప్రకటించారు. వాద్యాలను మచ్చలు, గీతలు, అతుకుల ఆధారంగా గుర్తుపట్టగలరు. కనుక కొన్న రోజునే ప్రతి మచ్చనూ ఫొటో తీసి పెట్టుకోండి.

కృష్ణా తీరపు వాతావరణంలో భద్రపరచడం

మే నెలలో 45 డిగ్రీల ఎండ, ఆ వెంటనే వానాకాలపు తేమ: మన ప్రాంతంలో కర్రకు ఇంతకంటె పెద్ద పరీక్ష లేదు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. చిన్న తేమమాపకం ఒకటి గోడకు తగిలించండి. రోడ్డు వైపు ఎండ తగిలే గోడకు, ఏసీ గాలి సూటిగా తగిలే చోటికి, అటక మీదికి వద్దు. బేస్ నాలుగు తీగలూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద 70 కిలోలకు పైగా లాగుడు ఉంటుంది. నెలల తరబడి వాయించనప్పుడు తీగలను రెండు మెట్లు వదులు చేయండి, పూర్తిగా తీసేయవద్దు. లాగుడు లేకపోతే ట్రస్ రాడ్ నెక్‌ను వెనక్కి వంచుతుంది.

నైట్రో లాకర్ ఉన్న వాద్యాన్ని రబ్బరు తొడుగు స్టాండు మీద గానీ వినైల్ సంచిలో గానీ వదిలేయకండి. ఆ రసాయనాలు పూతను కరిగించి జిగురుగా మారుస్తాయి. నూలు గుడ్డ చుట్టి ఉంచితే చాలు. 1960ల నాటి తాబేటి చిప్ప రంగు పిక్‌గార్డ్ సెల్యులాయిడ్‌తో చేసినది. అది కాలక్రమంలో కుంచించుకుపోతుంది, దాని నుంచి వెలువడే ఆవిరి లోహ భాగాలను తుప్పు పట్టిస్తుంది. అటువంటి బేస్ ఉన్న పెట్టెను నెలకు రెండుసార్లయినా తెరిచి గాలి తగలనివ్వాలి. వానాకాలంలో పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, ఎప్పటికప్పుడు మార్చండి.

అమ్మకం

మన ప్రాంతంలో వాయించడానికి కొనేవారు క్రిస్మస్‌కు ముందు నెలల్లో ఎక్కువగా వస్తారు. సేకరణ కోసం కొనేవారు హైదరాబాదు, చెన్నై, బెంగళూరుల్లో ఉంటారు, వారికి కాలంతో పని లేదు. మొదటి వర్గానికి బాగా పలికే, సులువుగా వాయించగల వాద్యం కావాలి. రెండో వర్గానికి పాట్ అంకెల ఫొటోలు కావాలి. ఏ వర్గానికి అమ్ముతున్నారో ముందే నిర్ణయించుకొని దానికి తగినట్లు వివరణ రాయండి. లోపాలను మొదటి వాక్యాల్లోనే చెప్పండి. ఊదా దీపం కింద తీసిన ఫొటో, విప్పిన పాట్‌ల ఫొటో, నెక్ మడమ ఫొటో, బరువు, మార్చిన భాగాల జాబితా ఇస్తే బేరం సగం తగ్గిపోతుంది.

పంపేటప్పుడు తీగలు కొంచెం వదులు చేసి, హెడ్‌స్టాక్ కింద, పైన మెత్తని గుడ్డ కూరి, అది పెట్టెలో కదలకుండా చూడండి. ప్రయాణంలో విరిగే భాగం అదే. గట్టి పెట్టె మీద అట్టపెట్టె, రెండింటి మధ్య అన్ని వైపులా నాలుగు వేళ్ల మందాన మెత్తని నింపుడు ఉండాలి. వీలైతే బస్సులోనో రైలులోనో మీ పక్కనే పెట్టుకొని తీసుకువెళ్లి ఇవ్వండి. హైదరాబాదు వరకైతే నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. పార్సిల్‌గా పంపితే బీమా చేయించి, చేరిన వెంటనే పెట్టె తెరవవద్దని, ఒక రాత్రి గదిలో ఉంచి, కర్ర ఆ గది వేడికి అలవాటుపడిన తరువాతే తెరిచి శ్రుతి చేయమని, కొన్నవారికి ఫోనులో చెప్పండి.